మెట్ట పొలానికి విత్తనం ఎంచాల్సింది ఎవరు? సైంటిస్టా, రైతా?

ఈ ఎపిసోడ్‌లో విత్తనం గురించి మాట్లాడుకుందాం. సంచి మీద బొమ్మ, సంచి రేటు గురించి కాదు. ఆ రకాన్ని ఎవరు ఎంచారు, ఎక్కడ ఎంచారు, ఏం చూసి ఎంచారు అనే దాని గురించి.

మన కల్లూరు ఇప్పుడు కర్నూలు సిటీలో కలిసిపోయినట్టే ఉంటుంది. కానీ ఇక్కడి నుంచి హైవే మీద డోన్ వైపు పోతే ఎర్రనేలలు, వేరుశనగ. నంద్యాల దాటి కోవెలకుంట్ల వైపు పోతే నల్లరేగడి, పప్పుశనగ. కాలువ నీళ్లు అందని పొలానికి వానే దిక్కు. వాన ఎప్పుడొస్తుందో మన చేతిలో లేదు. ఏ విత్తనం వేయాలన్నది మాత్రం కొంచెం మన చేతిలో ఉంది. అందుకే ఈ టాపిక్.

ముందు బేసిక్స్ చూద్దాం. కొత్త రకం ఎలా పుడుతుంది? రెండు రకాల మొక్కల్ని సంకరం చేస్తారు. ఒకటి కరువుకు తట్టుకునేది, ఇంకొకటి కాయ బాగా కాసేది అనుకోండి. వాటి తర్వాతి తరాల మొక్కలు ఒక్కోటి ఒక్కోలా ఉంటాయి. వాటిలో మంచివి ఏరి, మళ్లీ విత్తి, మళ్లీ ఏరి, ఇలా కొన్ని తరాలు నడిపితే మొక్కలన్నీ ఒకేలా వచ్చే రకం తయారవుతుంది. తర్వాత పలు చోట్ల పరీక్షలు, ఆ తర్వాత ప్రభుత్వ కమిటీ విడుదల. మొత్తం పదేళ్లకు పైనే పట్టొచ్చు.

మరి ఈ పదేళ్లలో రైతు ఎక్కడున్నాడు? పాత పద్ధతిలో అయితే చివర్లో. అంతా అయిపోయాక "ఇదిగో కొత్త రకం, వేసుకోండి" అని చెప్తారు.

ఇందులో సమస్య ఏంటంటే, పరిశోధనా కేంద్రంలో నేల చదునుగా ఉంటుంది, ఎరువు టైముకు పడుతుంది, అవసరమైతే తడి పెడతారు. అక్కడ ఫస్ట్ వచ్చిన రకం మన మెట్ట పొలంలో కూడా ఫస్ట్ రావాలని రూలేం లేదు. ఒక్కోసారి ర్యాంకులు తిరగబడతాయి. సిరియాలో ఇకార్డా అనే అంతర్జాతీయ సంస్థలో పనిచేసిన సాల్వటోర్ చెక్కరెల్లి బార్లీ పంట మీద ఇదే విషయం గట్టిగా చెప్పారు. ఎండ పొలానికి కావాల్సిన రకాన్ని ఎండ పొలంలోనే, రైతుతో కలిసి ఏరాలి అన్నారు. 1990లలో అక్కడ రైతుల పొలాల్లోనే ఆ పని మొదలుపెట్టారు.

రెండో సమస్య ఇంకా పెద్దది. సైంటిస్టు ఎక్కువగా చూసేది హెక్టారుకు ఎన్ని కిలోలు అని. రైతు ఇంకా చాలా చూస్తాడు. వాన ముందే ఆగిపోతే ఎంతో కొంత చేతికొస్తుందా? నేల గట్టిపడ్డాక పీకితే కాయ మొక్కతోనే వస్తుందా, తెగి నేలలోనే ఉండిపోతుందా? కట్టె పశువులు తింటాయా? కాయ సైజు చూసి వ్యాపారి రేటు తగ్గిస్తాడా? ఇంట్లో ఆడవాళ్లను అడిగితే కాయ ఒలవడం ఎంత కష్టం, పప్పు ఎంతసేపట్లో ఉడుకుతుంది, ఇలాంటివి ఇంకో నాలుగు చెప్తారు. ఇవేవీ చిన్న విషయాలు కావు. వీటిలో ఒక్కటి తేడా కొట్టినా ఆ రకం రెండో ఏడు పొలంలో కనపడదు.

ఇప్పుడు మన పక్క జిల్లా అనంతపురం కథ. అక్కడ రైతులు దశాబ్దాలుగా వేసిన వేరుశనగ రకం టీఎంవీ-2. అది తమిళనాడులోని తిండివనంలో 1940లో విడుదలైంది. అంటే స్వాతంత్ర్యం కంటే ముందు రకం! మధ్యలో కొత్త రకాలు రాలేదా అంటే వచ్చాయి. కానీ రైతు చేతిలో మాత్రం అదే నిలిచింది.

2002లో హైదరాబాద్ పక్కన పటాన్‌చెరులో ఉన్న ఇక్రిశాట్ వాళ్లు, వ్యవసాయ విశ్వవిద్యాలయం, స్థానిక స్వచ్ఛంద సంస్థలు కలిసి పద్ధతి మార్చారు. కొన్ని రకాలు రైతుల చేతికే ఇచ్చి, "మీ పొలంలో, మీ పద్ధతిలో, మీ పాత రకం పక్కనే వేసి చూడండి" అన్నారు. వాటిలో రైతులకు నచ్చింది ఐసీజీవీ 91114. సుమారు 90 నుంచి 95 రోజుల్లో చేతికొచ్చే పంట. మధ్యలో వాన ముఖం చాటేసినా తట్టుకుంది. కట్టె పశువులకు బాగా పనికొచ్చింది. దాన్ని 2006లో విడుదల చేశారు. తర్వాత చేసిన అధ్యయనంలో టీఎంవీ-2 కంటే దిగుబడి సుమారు 23 శాతం ఎక్కువని తేలింది.

ఒక్క విషయం గమనించండి. పేరులో ఉన్న 91 అంటే ఆ రకానికి నంబర్ పడిన ఏడు, 1991. అది అనంతపురం రైతు పొలానికి వచ్చింది 2002లో. మధ్యలో పదకొండేళ్లు! మన జిల్లాల్లో పనికొచ్చే విత్తనం ఉండి కూడా రైతుకు కనపడలేదు. రైతును ముందే పిలిస్తే ఏం మిగులుతుంది అంటే, ఇదిగో, ఈ ఏళ్లు మిగులుతాయి.

ఇక మన కర్నూలు పప్పుశనగ. ఇక్కడ ఒకప్పుడు అంతా అన్నిగెరి రకమే. 1999లో జేజీ-11 విడుదలైంది. త్వరగా కోతకొస్తుంది, ఎండు తెగులును తట్టుకుంటుంది. హింగారులో నేలలో మిగిలిన పదునుతోనే పండాల్సిన పంటకు ఈ రెండూ ప్రాణం. 2000 తర్వాత పదేళ్లలోపే అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో శనగ విస్తీర్ణం దాదాపు 1.6 లక్షల హెక్టార్ల నుంచి 6 లక్షలకు చేరింది. 2007 నుంచి కర్నూలు, ప్రకాశం జిల్లాల్లో రైతుల పొలాల్లోనే రకాల్ని పక్కపక్కన వేసి, వాళ్లతోనే ఎంపిక చేయించారు.

అది ఎలా చేస్తారంటే, ఊళ్లో ఒకచోట అన్ని రకాలూ వేస్తారు. దీన్ని మదర్ ట్రయల్ అంటారు, తల్లి మడి అనుకోండి. ఒక్కో రైతుకు మాత్రం ఒకటి రెండు రకాలే ఇచ్చి సొంత పొలంలో వేసుకోమంటారు. అది బేబీ ట్రయల్, పిల్ల మడి. కోతకు ముందు అందరూ వచ్చి మడి మడీ తిరిగి ఓటేస్తారు. మగవాళ్ల ఓట్లు, ఆడవాళ్ల ఓట్లు విడివిడిగా లెక్కపెడితే మంచిది, ఎందుకంటే ఇద్దరూ చూసేది ఒకటి కాదు. శనగే చూడండి. మొక్క మీద పులుపు ఉంటుంది. కోసేవాళ్ల చేతులు మండుతాయి. కోసేది ఎక్కువగా ఆడకూలీలే. కూలీలు దొరకడం కష్టమయ్యాక, మిషన్‌తో కోసేలా నిటారుగా, ఎత్తుగా పెరిగే శనగ కావాలన్న మాట గట్టిగా వచ్చింది. నంద్యాల పరిశోధనా స్థానం తెచ్చిన ఎన్‌బీఈజీ-47 అలాంటి రకమే.

సరే, మరి అంతా బాగుందా? లేదు. రెండు చిక్కులున్నాయి.

ఒకటి, పైన చెప్పిన వేరుశనగలో రైతు ఎంచింది తయారైపోయిన రకాల్లోంచి. హోటల్లో మెనూ చూసి ఆర్డర్ ఇవ్వడం వేరు, వంట మొదలుపెట్టేటప్పుడే ఏం వండాలో చెప్పడం వేరు. సంకరం చేసిన తొలి తరాల్లోనే రైతు పొలానికొచ్చి ఏరితే, దాన్ని అసలైన భాగస్వామ్యం అనొచ్చు. అది మన దగ్గర ఇంకా తక్కువే.

రెండు, విత్తనం దొరకడం. వేరుశనగలో ఎకరా కాయలు దాచుకుంటే తర్వాతి ఏడు పదెకరాల దాకే సరిపోతాయి. అందుకే కంపెనీలకు దీని మీద పెద్ద ఆసక్తి ఉండదు. ఐసీజీవీ 91114 మెల్లగా పాకడానికి ఇదే పెద్ద కారణం. మంచి రకం కనిపెడితే సరిపోదు. ఊళ్లోనే ఆ విత్తనం పెంచి పంచుకునే ఏర్పాటు ఉండాలి.

అలా పంచుకోవచ్చా, కేసు పెడతారా అని కొందరికి భయం. 2001 నాటి రకాల రక్షణ, రైతు హక్కుల చట్టం 39వ సెక్షన్ చూడండి. తన పంటలోంచి విత్తనం దాచుకోవడం, మళ్లీ విత్తడం, ఇచ్చి పుచ్చుకోవడం, అమ్మడం రైతు హక్కు. బ్రాండ్ పేరు వేసి అమ్మకూడదు, అంతే.

మీరేం చేయొచ్చు? మీ ఇంట్లో సాగు ఉంటే, దగ్గర్లోని కృషి విజ్ఞాన కేంద్రంలోనో, నంద్యాల పరిశోధనా స్థానంలోనో కొత్త రకం మినీకిట్ ఉందా అని అడగండి. దొరికితే నాలుగు సాళ్లు మీ పాత రకం పక్కనే వేయించండి. విత్తిన తేదీ, పూత తేదీ, వాన ఆగిన రోజులు ఫోన్‌లో రాసి పెట్టండి. వారానికో ఫోటో తీయండి. కోశాక రెండూ విడివిడిగా తూకం వేయండి. కట్టె పశువుల ముందు వేసి చూడండి. నాయనను అడగండి, అమ్మను కూడా అడగండి. నచ్చకపోతే ఎందుకు నచ్చలేదో ఆ కేంద్రం వాళ్లకే చెప్పండి. సైంటిస్టుకు నిజంగా కావాల్సిన డేటా అదే. ఇక్రిశాట్ దగ్గర కూడా దొరకనిది, మీ పొలంలో మాత్రమే ఉండేది.

ఈ ఎపిసోడ్‌కు ఇంతే. ముంగారు మొదలయ్యేలోపు ఇంట్లో ఒక్కసారి అడగండి: మనం వేసే రకం పేరేంటి, అది ఎన్నేళ్ల నాటిది?