తలుపు అంచున తెల్ల పొడి

పాత ల్యాండ్ రోవర్ కొన్న ఒక పాఠకుడి ప్రశ్న ఇది. బాడీ అంతా అల్యూమినియమే, తుప్పు పట్టే సమస్యే లేదని చెప్పి అమ్మారట. మరి తలుపుల కింది అంచున పెయింటు పొక్కులు లేచి, గోటితో గీరితే తెల్ల పొడి ఎందుకు రాలుతోంది? చాలామంది దీన్ని ఫ్యాక్టరీలో పనివాళ్ల నిర్లక్ష్యం కింద జమకడతారు. నా దృష్టిలో ఇది పనితనంలో లోపం కాదు, రెండు లోహాల అతుకులో ఉన్న లోపం. పైగా మనం మామూలుగా చేసే మరమ్మతు దాన్ని ఇంకా ముదరబెడుతుంది.

1948 ఏప్రిల్‌లో ఆమ్‌స్టర్‌డామ్ ప్రదర్శనలో ఈ బండి బయటికొచ్చేనాటికి బ్రిటన్‌లో ఉక్కుకు రేషన్ ఉండేది. అందుకే బాడీకి బర్మాబ్రైట్ అనే అల్యూమినియం-మెగ్నీషియం మిశ్రమలోహం వాడారు. ఛాసిస్, బల్క్‌హెడ్, తలుపుల ఫ్రేములు మాత్రం ఉక్కువే. తలుపులో ఆ ఉక్కు ఫ్రేము చుట్టూ అల్యూమినియం రేకు అంచును మడిచి నొక్కేస్తారు. వాన నీళ్లు, బురద దిగి నిలిచేది సరిగ్గా ఆ మడతలోనే.

ఇక ఆ మడతలో జరిగేది చూడండి. గాలి తగలగానే అల్యూమినియం మీద కొన్ని నానోమీటర్ల మందాన ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. ఒంటరిగా ఉన్నంతకాలం లోహానికి ఆ పొరే రక్ష. పక్కన ఉక్కు ఆనుకుని, మధ్యలో ఉప్పునీరు చేరితే, క్లోరైడ్ అయాన్లు ఆ పొరకు తూట్లు పొడుస్తాయి. తూటు పడ్డచోట అల్యూమినియం పరమాణువు మూడు ఎలక్ట్రాన్లు వదిలి నీళ్లలోకి దిగిపోతుంది. ఆ ఎలక్ట్రాన్లు లోహం గుండా ఉక్కులోకి వెళతాయి. ఉక్కు ఉపరితలం మీద, నీళ్లలో కరిగిన ఆక్సిజన్ వాటిని అందుకుంటుంది. హైడ్రాక్సైడ్ అయాన్లు పుడతాయి. అల్యూమినియం ఆనోడ్, ఉక్కు కేథోడ్: అచ్చమైన బ్యాటరీ. అంతటితో ఆగదు. అల్యూమినియం ఆక్సైడ్ క్షారంలోనూ కరుగుతుంది కనుక, ఉక్కు దగ్గర పుట్టిన క్షారం ఆ రక్షక పొరనే తినేస్తుంది. కరిగిన లోహం చివరికి తెల్లటి హైడ్రాక్సైడ్‌గా పేరుకుంటుంది. పోయిన లోహం కంటే అది ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి పెయింటును లోపలినుంచి పైకి నెడుతుంది.

ఇదంతా 1948లో ఎవరికీ తెలియదనే వాదన నిలవదు. 1761లో బ్రిటిష్ నౌకాదళం అలారం అనే యుద్ధనౌక అడుగుకు రాగి రేకులు తొడిగి ఇనుప మేకులు కొట్టింది. రెండేళ్ల తర్వాత చూస్తే మేకులను చాలావరకు తుప్పు తినేసింది. రాగి రేకులకు చుట్టి వచ్చిన కాగితం పొరపాటున మేకుకూ రేకుకూ మధ్య మిగిలిపోయిన చోట మాత్రం ఇనుము బాగానే ఉంది! ఆ కాగితం ముక్క చేసిన మేలు చూసి, సముద్రపు నీటిలో ఇనుమును రాగికి నేరుగా తగలనివ్వకూడదని అప్పుడే తేల్చారు. 1824లో హంఫ్రీ డేవీ ఈ విద్యుత్తునే తిప్పి వాడుకుని, రాగిని కాపాడటానికి ఇనుప ముక్కలు బిగించాడు. రాగి నిజంగానే అరగడం మానేసింది. కానీ రాగి కొద్దికొద్దిగా కరగడం వల్లే నాచు, గుల్లజీవులు ఓడకు దూరంగా ఉండేవని అప్పుడు తెలిసింది. ఓడల అడుగు జీవాలతో నిండిపోయి వేగం పడిపోయింది.

ఇప్పుడు మరమ్మతు దగ్గరికి వద్దాం. కరుగుతున్నది అల్యూమినియం కదా అని దానికే పెయింటు వేసి, లోపలి ఉక్కును వట్టిగా వదిలేస్తారు. ఇది తలకిందుల పని. కేథోడ్ ఎంత విశాలమైతే ఆక్సిజన్ అన్ని ఎలక్ట్రాన్లను లాగుతుంది, వాటన్నిటినీ ఆనోడే ఇవ్వాలి. పెయింటు మీద ఒక్క గీత పడితే చాలు, ఆ ఉక్కు మొత్తానికి కావలసిన కరెంటు ఆ గీతలోంచే రావాలి. రేకుకు చిల్లు పడుతుంది. ముందుగా పెయింటు పడాల్సింది ఉక్కుకు.

మరైతే రేకుకు బిగించే స్టెయిన్‌లెస్ బోల్టు చిన్నదే, దానివల్ల నష్టమేమిటని అడగవచ్చు. బండి సముద్రంలో మునిగి ఉంటే ఆ ప్రశ్న సబబే. తలుపు మీదది పలచటి నీటి పొర. అందులో కరెంటు ఎంతో దూరం పోలేదు కాబట్టి లెక్కలోకి వచ్చేది బోల్టు చుట్టూ ఉన్న కాస్త రేకే. కనుక నైలాన్ వాషరు తప్పనిసరి.

ఉక్కు ఫ్రేముకు జింకు పూత వేసే విషయంలో ఇంటర్మీడియట్ పుస్తకంలోని ఎలక్ట్రోడ్ పొటెన్షియల్ పట్టిక తప్పుదారి పట్టిస్తుంది. అల్యూమినియం -1.66 వోల్టులు, జింకు -0.76, ఇనుము -0.44 అని చూసి, జింకు పూత పక్కన అల్యూమినియమే అరుగుతుందనుకుంటారు. ఆక్సైడ్ పొర ఉండటంతో సముద్రపు నీటిలో వరస మారుతుంది, అరిగేది జింకే. అందుకే ఫ్రేముకు జింకు పూత రెండు లోహాలకూ మేలు.

తాత్కాలికంగా అనుకుని చేసిన బండిలో 1948 నాటి సర్దుబాటును తప్పుపట్టలేం. దాని వారసుడిగా 2016 జనవరి దాకా తయారైన పాత డిఫెండర్‌కు మాత్రం ఆ సాకు చెల్లదు. ఛాసిస్ సంగతి వేరు. పెట్టె ఆకారపు ఉక్కు గొట్టాల్లోకి పెయింటు సరిగ్గా చేరక, బురద నిలిచి లోపలినుంచి తుప్పు పడుతుంది. ఆ పాపం అల్యూమినియానిది కాదు. కుళ్లిన చోట పైనుంచి ప్లేటు వెల్డింగ్ చేస్తే ఆ వేడికి లోపలున్న కాస్త పూతా కాలిపోతుంది. కొత్త గాల్వనైజ్డ్ ఛాసిస్ అయితే సుమారు 450 డిగ్రీల కరిగిన జింకులో మొత్తంగా ముంచి తీస్తారు కాబట్టి లోపలి గోడలకూ పూత అందుతుంది. తలుపుకైతే కొత్త రేకు మడిచే ముందు ఉక్కుకు ఎపాక్సీ ప్రైమర్, మడతలో సీలెంట్ వేయించండి, అడుగున నీళ్లు కారే రంధ్రాల్లోంచి బురద తీయించండి. మెకానిక్‌లు ఎక్కువగా వదిలేసేది ఆ ప్రైమర్నే.