ఊపిరి బిగబడితే తెలిసే పాఠం

ఇంటర్ బై.పి.సి. చదివే పిల్లలున్న ఇళ్ళలో తెల్లవారుజామున వినిపించే శబ్దం ఒకటే, బట్టీ పట్టే గొంతు. 'కణం' పాఠం ఒకరోజు, 'శ్వాసక్రియ' ఇంకోరోజు. రెంటికీ సంబంధమే లేనట్లు చదువుతుంటారు.

2017 నుంచి తెలుగు రాష్ట్రాల్లో ఎం.బి.బి.ఎస్. సీటుకు నీట్ ర్యాంకే ఆధారం. 2025 పరీక్షలో 720 మార్కులకుగాను సగం, అంటే 360 మార్కులు జీవశాస్త్రానివే. సరైన జవాబుకు 4 మార్కులు. తప్పు జవాబుకు ఒక మార్కు కోత. కోచింగ్ ఫీజు కోసం అబ్బా అప్పు చేసి, అమ్మీ గాజులు కుదువబెట్టిన ఇంట్లో ఆ ఒక్క మార్కు కూడా చిన్నది కాదు.

సైన్సు చదువుకోని తల్లి కూడా పిల్లలకు సాయపడవచ్చు. "బేటీ, కూర్చుని కాసేపు ఊపిరి బిగబట్టు. ఎందుకు ఆపుకోలేకపోయావు?" అని అడిగితే చాలు. "ఆక్సిజన్ తగ్గింది కాబట్టి" అని వెంటనే జవాబు వస్తుంది. మార్కు పోయేది సరిగ్గా ఇక్కడే!

అసలు కారణం కణంలో ఉంది. కణంలోని మైటోకాండ్రియా ఆక్సిజన్ సాయంతో ఆహారం నుంచి శక్తిని తయారుచేస్తుంది. అప్పుడు కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. అందులో సుమారు 70 శాతం బైకార్బొనేట్ రూపంలో రక్తంలో ప్రయాణిస్తుంది. ఊపిరి ఆపితే ఈ వాయువు పేరుకుపోతుంది. దానితోపాటు హైడ్రోజన్ అయాన్లూ పెరుగుతాయి. మెదడు అడుగుభాగాన మజ్జాముఖంలో శ్వాస లయ కేంద్రం ఉంది. దాని పక్కనున్న ప్రాంతం ఈ మార్పును పసిగట్టి 'ఊపిరి తీసుకో' అని తొందరపెడుతుంది. మెడలోని కరోటిడ్ ధమనుల దగ్గర, మహాధమని వంపు దగ్గర ఉన్న గ్రాహకాలు కూడా కబురు పంపుతాయి. మామూలు పరిస్థితుల్లో ఆక్సిజన్ పాత్ర స్వల్పమే.

ఇలా చదివితే రెండు పాఠాలూ ఒకే కథ అవుతాయి. మరో ప్రశ్న వేయండి: ఆక్సిజన్ మోసే ఎర్ర రక్తకణం దాన్ని తానెందుకు వాడుకోదు? పరిణతి చెందిన ఎర్ర రక్తకణంలో మైటోకాండ్రియానే ఉండదు. అందుకే మోసుకొచ్చిందంతా ఇతరులకే ఇస్తుంది. ఒకసారి అర్థమైతే ఈ విషయాన్ని బట్టీ పట్టనక్కరలేదు.

గుండె గదుల మధ్య గోడలో కంటికి కనిపించని రంధ్రాలున్నాయని గ్రీకు వైద్యుడు గాలెన్ చెప్పిన మాటను వెయ్యేళ్ళకు పైగా వైద్యులు అప్పజెబుతూ వచ్చారు. 13వ శతాబ్దంలో ఇబ్నె నఫీస్ దాన్ని కాదన్నారు. గుండె కుడివైపు నుంచి రక్తం ఊపిరితిత్తుల మీదుగానే ఎడమవైపుకు చేరుతుందని రాశారు. 'ఎలా?' అని అడిగే అలవాటే ఆయనను అక్కడికి చేర్చింది.

కాబట్టి తల్లిదండ్రులారా! రాత్రి భోజనాలయ్యాక ఓ పది నిమిషాలు పుస్తకం మూయించి, పాఠాన్ని మీకు అర్థమయ్యేలా చెప్పమనండి. ఎక్కడ తడబడితే మర్నాడు తెరవాల్సిన పేజీ అదే. మీకు అర్థమయ్యేలా చెప్పగలిగిన పిల్లలు పరీక్ష హాలులోనూ తడబడరు.