తల చిన్నదైతే కన్నూ చూడాలి

నెలలు నిండి పుట్టిన మగబిడ్డ తల చుట్టుకొలత సగటున 34.5 సెంటీమీటర్లు, ఆడబిడ్డకు 33.9. ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టిక ప్రకారం మగబిడ్డకు 31.9, ఆడబిడ్డకు 31.5 కంటే తగ్గితే మైక్రోసెఫలీగా అనుమానిస్తారు. గర్భంలో సోకే జికా, సీఎంవీ వైరస్‌లూ దీనికి కారణం కావచ్చు. అదే ఇంట్లో రెండో బిడ్డకూ ఇలాగే ఉంటే మాత్రం జన్యువుల వైపు చూడాల్సిందే.

పెద్దల మెదడులో సుమారు 8,600 కోట్ల న్యూరాన్లుంటాయి. వాటిని పుట్టించే మూలకణాలు గర్భంలోనే మళ్లీమళ్లీ రెండుగా చీలాలి. చీలేటప్పుడు క్రోమోజోములను చెరోవైపు లాగే దారాల అమరిక కుదరకపోతే మెదడు చిన్నదిగానే ఉండిపోతుంది. 2002లో గుర్తించిన ఏఎస్‌పీఎం జన్యువులో లోపముంటే జరిగేది ఇదే. అందులో కళ్లు సాధారణంగా బాగానే ఉంటాయి. పీఎల్‌కే4, టీయూబీజీసీపీ4, టీయూబీజీసీపీ6, కేఐఎఫ్11 జన్యువుల్లో ఏది దెబ్బతిన్నా మాత్రం రెటీనా కూడా పాడవుతుంది. రెటీనా పిండం నాలుగో వారంలో మెదడు నుంచే మొలిచిన కణజాలం మరి.

ఈ నాలుగు జన్యువుల్లో మొదటి మూడింటిలో తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు ప్రతులూ లోపంతో వస్తేనే జబ్బు. ఇద్దరిలోనూ లోపమున్న ప్రతి ఒక్కొక్కటి ఉంటే ప్రతి కాన్పులో ఆ అవకాశం 25 శాతం. తల్లినొక్కదాన్నే నిందించే ఇళ్లలో ఈ లెక్క చెప్పి తీరాలి. మేనరికం సంగతీ ఇక్కడే వస్తుంది. ఇరువైపులా ఉమ్మడి అయిన తాతలో ఒక లోపముంటే, అదే రెండువైపుల నుంచీ చేరి బిడ్డకు జబ్బు రావడానికి బావామరదళ్ల పెళ్లిలో 64లో ఒక వంతు అవకాశం. మేనమామ, మేనకోడలి పెళ్లిలో అది 32లో ఒక వంతు.

కేఐఎఫ్11 దారి వేరు. ఒక్క ప్రతి చెడినా చాలు. తల్లికో తండ్రికో ఆ మార్పు ఉంటే ప్రతి బిడ్డకూ అది చేరే అవకాశం 50 శాతం. బిడ్డలోనే కొత్తగా పుట్టిన మార్పయితే మళ్లీ రావడం అరుదు. చిక్కేమిటంటే, మార్పు ఉన్న తల్లి లేదా తండ్రి తల మామూలుగానే ఉండి, రెటీనాపై మచ్చలు మాత్రమే ఉండొచ్చు. బిడ్డ పాదాలు పుట్టుకతోనే వాచి ఉంటే ఈ జన్యువునే ముందుగా అనుమానించాలి. అందుకే బిడ్డతో పాటు తల్లిదండ్రులకూ కళ్లలో చుక్కలు వేసి రెటీనా చూడాలని నా గట్టి అభిప్రాయం.

తర్వాతి కాన్పుకు స్కానింగ్ ఒక్కదాన్నే నమ్ముకోకూడదు; తల చిన్నదని తరచూ 20 వారాలు దాటాకే తెలుస్తుంది. మొదటి బిడ్డలో ఏ జన్యువో ముందే తేలితే 11–13 వారాల్లోనే మావి నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించవచ్చు. హైదరాబాద్‌లో నిమ్స్‌లో జన్యువైద్య విభాగం ఉంది. గర్భం రాకముందే వెళ్లాలి.