నాము అంటే ఏమిటి? కోసిన మేత మళ్లీ చిగిర్చే వేళ

మొన్నటి మా సంఘం సమావేశానికి తిరుత్తణి పక్క పల్లె నుంచి వచ్చిన ఒక కుర్రవాడు తమ ఇంట్లో జరిగినది చెప్పాడు. జొన్న కోసేసిన చేలో, ఎండలు ముదిరి మధ్యలో ఒక వాన పడగానే, మోళ్ల నుంచి పచ్చగా పిలకలు వచ్చాయి. కసువుకు కరువుగా ఉంది కదా అని పాడావును తోలాడు. అరగంట కాకముందే ఆవు రొప్పుతూ పడిపోయింది. పాము కరిచిందనుకున్నారట. ముందు వరుసలో కూర్చున్న పెద్దాయన ఒకరు, "పాము కాదు నాయనా, నాము" అన్నారు. ఆ మాట అక్కడున్న పిల్లలెవరికీ తెలియదు.

తిరుత్తణి 1960 ఏప్రిల్ 1 వరకు చిత్తూరు జిల్లాలోనిదే. సరిహద్దు మారినా సేద్యం మాటలు మన ఇళ్లలో నిలిచాయి. నాము అంటే కోసిన జొన్న మోడు నుంచి వచ్చే లేత పిలక. ఆ ఒక్క మాటలోనే హెచ్చరిక కూడా ఉంది.

గడ్డి ఎందుకు మళ్లీ వస్తుందో ముందు చూద్దాం. చెట్టుకు ఎదుగుదల కొసలో ఉంటే, గడ్డికి నేలకు దగ్గరగా, మోడు కణుపుల్లో ఉంటుంది. పైన కోసినా, పశువు కొరికినా అడుగున మొగ్గలు మిగులుతాయి. కొత్త ఆకు వచ్చేదాకా వేళ్లలో, మోడులో దాచుకున్న పిండి పదార్థమే వాటికి తిండి. అందుకే నేలకు అంటకోస్తే దుబ్బు నీరసిస్తుంది. అర జానెడు మోడు వదలాలి.

జొన్న, సజ్జ, చెరకు, నేపియర్ అన్నీ ఎండను బాగా వాడుకునే జాతులు. వరి వాడిపోయే ఎండలో కూడా తడి ఉంటే ఇవి పెరుగుతాయి. తిరుత్తణి ఎండ సంగతి మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. తడి లేకపోతే మాత్రం ఎదుగుదల ఆగుతుంది. జూన్ నుంచి కొంత వాన, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల పెద్ద వాన మన జిల్లా లెక్క. ఆ పెద్ద వానల్లో నీరు నిలిస్తే నేపియర్ దుబ్బు కుళ్లుతుంది, పారా గడ్డి తట్టుకుంటుంది. మార్గశిరం, పుష్యం చలిరాత్రుల్లో తడి ఉన్నా గడ్డి మెల్లగానే వస్తుంది.

జొన్న పిలకలో విషం ఎలా చేరుతుంది? లేత జొన్న ఆకులో ధురిన్ అనే పదార్థం ఉంటుంది. పశువు నమిలి మింగగానే కడుపులోని సూక్ష్మజీవులు దాన్ని విరగ్గొడతాయి, సయనైడ్ పుడుతుంది. రక్తంలో ప్రాణవాయువు ఉన్నా ఒళ్లు దాన్ని వాడుకోలేదు. అందుకే రక్తం ఎర్రగా మెరుస్తున్నా పశువు ఊపిరాడక కొట్టుకుంటుంది. మొక్క ఎంత లేతదైతే అంత ప్రమాదం. ఎండకు వాడి, వెంటనే వానకు చిగిర్చిన పిలక మరీ చెడ్డది. యూరియా ఎక్కువైతే ఇంకా పెరుగుతుంది. మేకలు, గొర్రెలు, గేదెలకూ ఇదే ముప్పు.

పూతకు వచ్చిన జొన్నలో ఆ భయం చాలా తక్కువ. బాగా ఎండబెట్టిన చొప్పలో చాలావరకు పోతుంది. పిలక మోకాలెత్తు కూడా లేనప్పుడు మాత్రం పశువును చేలోకి తోలవద్దు, కోసి కూడా వేయవద్దు.

ఇప్పుడు మనవాళ్లు ఎక్కువగా వేస్తున్నది కంబు నేపియర్. కంబు అంటే మన సజ్జే. సజ్జకూ నేపియర్‌కూ సంకరం చేసి కోయంబత్తూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం కో-4, కో-5 రకాలను ఇచ్చింది. దీనికి గింజ పట్టదు, రెండు కణుపుల ముక్కలు నాటుకోవాలి. మొదటి కోత 75 నుంచి 80 రోజులకు, ఆ తర్వాత 45 రోజులకొకసారి. జొన్నకున్నంత నాము భయం దీనికి లేదు. అయితే లేత నేపియర్ ఒక్కటే రోజూ వేస్తే అందులోని ఆక్సలేట్ కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వదు. అలసంద, అవిసె లాంటివి కలిపి వేయడం మేలు. వరిగడ్డి కూడా కొంత ఉండాలి. మా గుమాస్తా ఉద్యోగంలో ఫైళ్లు తప్ప దూడల్ని చూసిందిలేదు గానీ, ఇవన్నీ పాడి పెట్టిన సభ్యులను అడిగే రాస్తున్నాం.

నాము తిన్నదని అనుమానం వస్తే పసరు మందు అంటూ కాలయాపన చేయకండి. పశువును చేలోంచి తప్పించి వెంటనే 1962కు ఫోను చేయండి. సోడియం నైట్రైట్, సోడియం థయోసల్ఫేట్ సూదులు నరంలోకి ఎక్కించాలి, అది డాక్టరు చేయవలసిన పని. ఏ చేలో, ఏ మేత, ఎంతసేపు మేసిందో డాక్టరుకు చెప్పండి. ఆ పిలక నాలుగు కోసి చూపించండి. ఆ కుర్రవాడి ఆవుకు ఆ అవకాశం దొరకలేదు.