తల గాయం మానిన తరువాత...

తలకు బలమైన దెబ్బ తగిలి, ఆసుపత్రిలో చికిత్స పొంది ఇంటికి చేరిన వ్యక్తిని చూసి గండం గడిచిందని అందరమూ సంతోషిస్తాం. కుట్లు మానుతాయి, జుట్టు మళ్లీ మొలుస్తుంది. అయితే కొన్ని వారాలకే ఇంట్లో ఫిర్యాదులు మొదలవుతాయి. చిన్న మాటకే మండిపడుతున్నాడని, చెప్పింది వెంటనే మరచిపోతున్నాడని, పగలంతా పడుకునే ఉంటున్నాడని కుటుంబ సభ్యులు వాపోతారు. గాయపడిన మెదడు లక్షణాలకు పొగరు, సోమరితనం అన్న పేర్లు పడతాయి.

నుదుటి వెనుక ఉండే మెదడు భాగం కోపాన్ని అదుపు చేయడానికి, పనులను క్రమపద్ధతిలో ఆలోచించడానికి తోడ్పడుతుంది. దానికి దెబ్బ తగిలితే మనిషి స్వభావమే మారినట్లు కనిపించవచ్చు.

ఈ విషయంలో ఫినియస్ గేజ్ ఉదంతం ప్రసిద్ధమైనది. 1848 సెప్టెంబరు 13న, అమెరికాలోని వెర్మాంట్‌లో రైలుమార్గం కోసం బండలు పేల్చుతుండగా మూడున్నర అడుగుల ఇనుప కడ్డీ ఆయన ఎడమ చెంప నుంచి నడినెత్తి గుండా దూసుకుపోయింది. ఆయన బతికాడు. కాని ప్రవర్తన మారిపోయిందంటూ యజమానులు పాత ఉద్యోగం ఇవ్వలేదు. కథ సాధారణంగా ఇక్కడితో ముగిస్తారు. నిజానికి తరువాత ఆయన చిలీ దేశానికి వెళ్లి, కొన్నేళ్లపాటు గుర్రపు బండ్లు తోలాడు. రోజూ ఒకే వేళకు, ఒకే క్రమంలో సాగే ఆ పనే ఆయన కోలుకోవడానికి తోడ్పడిందని కొందరు పరిశోధకులు భావిస్తున్నారు.

గాయం తీవ్రతను వైద్యులు 3 నుంచి 15 వరకు ఉండే గ్లాస్గో కోమా స్కేలుతో అంచనా వేస్తారు. 13 నుంచి 15 వరకు స్వల్ప గాయం, 8 లేదా అంతకు తక్కువైతే తీవ్ర గాయం. స్వల్ప గాయమైన కంకషన్‌లో స్కానింగు మామూలుగానే ఉండవచ్చు. అయినా తలనొప్పి, మతిమరుపు, అలసట నిజమైనవే. ఒకటి రెండు రోజుల విశ్రాంతి తరువాత పనులను మెల్లమెల్లగా పెంచుకుంటూ పోతే చాలామంది కొద్ది వారాల్లో కోలుకుంటారు. పదే పదే వాంతులు, పెరిగే తలనొప్పి, మూర్ఛ, మగత కనిపిస్తే తక్షణం ఆసుపత్రికి చేర్చాలి.

తీవ్ర గాయాల్లో మెరుగుదల తొలి ఆరు నెలల్లో వేగంగా ఉంటుంది. ఆ తరువాతా ఏళ్ల తరబడి కొనసాగవచ్చు. అందుకే ఫిజియోథెరపీని, మాటకు, మింగడానికి సంబంధించిన స్పీచ్ థెరపీని, స్నానం, దుస్తులు ధరించడం వంటి నిత్యకృత్యాలను తిరిగి నేర్పే ఆక్యుపేషనల్ థెరపీని మధ్యలో ఆపకూడదు.

మిగిలిన చికిత్స ఇంట్లోనే జరుగుతుంది. ఒకసారి ఒక్క మాటే చెప్పాలి. నిద్రకు, భోజనానికి, పనికి నిర్ణీత వేళలుండాలి. చేయవలసిన పనులను గోడమీద రాసి పెట్టాలి. పరామర్శకు వచ్చేవారి సందడిని తగ్గించాలి. డాక్టరు అనుమతి లేనిదే బండి నడపనివ్వరాదు, మూర్ఛ మందులు ఆపరాదు. రమజాను ఉపవాసాల గురించి ముందే డాక్టరును అడగాలి. రోగి వాటిని తరువాత పూర్తి చేసుకునే వెసులుబాటు దివ్యఖుర్ఆన్‌లోనే ఉంది.

సేవ చేసే భార్య లేదా తల్లి కూడా అలసిపోతుందని మనం గుర్తించాలి. వారంలో ఒక పూటైనా ఆ బాధ్యతను మరొకరు స్వీకరిస్తే ఆమెకు ఊరట, రోగి పట్ల ఆమె సహనానికి బలం.