మీకు తెలుసా? ప్రకటన గ్రంథంలో ‘క్రీస్తు విరోధి’ అన్న మాటే లేదు

బైబిలు మొత్తంలో ‘క్రీస్తు విరోధి’ అనే మాట కనిపించేది నాలుగే వచనాల్లో: 1 యోహాను 2:18, 22, 4:3, 2 యోహాను 7. ప్రకటన గ్రంథంలో అది ఒక్కసారి కూడా రాదు. పైగా క్రీస్తు విరోధులు అనేకులు అప్పటికే బయలుదేరారని, వాళ్లు సంఘంలోనుంచి వెళ్లినవారేనని యోహాను రాశాడు. అంటే క్రీస్తు పేరుతో వచ్చేవాణ్ణి లేఖనాలతో పరీక్షించడం లోకాంతం కోసం దాచుకునేది కాదు, ఈ ఆదివారమే చేయాల్సింది.

అద్భుతాలు చేస్తున్నవాణ్ణి ఎలా కాదంటామని కొందరు అడుగుతారు. అబద్ధ క్రీస్తులు కూడా గొప్ప సూచక క్రియలు చూపిస్తారని మత్తయి 24:24 ముందే చెప్పింది. చెప్పిన సూచన నిజమైనా సరే, అన్య దేవతల వైపు తిప్పేవాడి మాట వినవద్దని ద్వితీయోపదేశకాండము 13వ అధ్యాయం శాసించింది. కనుక అద్భుతం ఒక్కటే రుజువు కాదు. మరి యేసు చేసినవో? ఆయన అద్భుతాలతోనే ఆగలేదు, తన గురించి లేఖనాల నుంచే వివరించాడు (లూకా 24:27). తన రాకడ మెరుపులా ఉంటుందని, లోపలి గదిలో ఉన్నాడంటే నమ్మవద్దని కూడా చెప్పాడు. ‘మా గురువే తిరిగొచ్చిన క్రీస్తు’ అని ఎవరో చెవిలో చెబితే తప్ప తెలియని రాకడ ఈ కొలతకు నిలవదు.

ఈ పరీక్షను పొరుగు భాషవారితో కలిసి కూడా చేయవచ్చు. గుజరాత్‌లోని సూరత్‌లో పనిచేసిన లండన్ మిషనరీలు స్కిన్నర్, ఫైవీ 19వ శతాబ్ది తొలినాళ్లలోనే బైబిలును గుజరాతీలోకి తెచ్చారు. సూరత్‌లోని తెలుగు విశ్వాసులారా, మీ తెలుగు బైబిలు పక్కన గుజరాతీ బైబిలు తెరిచి ‘క్రీస్తు విరోధి’ గురించిన ఆ నాలుగు వచనాలూ పొరుగువారితో కలిసి చదవండి.