సెలవులకు విదేశం - తిరుగు ప్రయాణం ఎవరి చేతిలో?

వడమాలపేట: తిరుపతి నుంచి చెన్నై వెళ్లే జాతీయ రహదారి వడమాలపేట మీదుగానే సాగుతుంది. నెత్తిన పెట్టెలు కట్టుకున్న కారు తెల్లవారుజామున పుత్తూరు వైపు దూసుకుపోతుంటే, లోపలున్న వారు విమానం ఎక్కబోతున్నారని పోల్చుకోవడం కష్టం కాదు. రేణిగుంట విమానాశ్రయం దగ్గరలోనే ఉన్నా, దేశం దాటే వారు ఎక్కువగా నమ్ముకునేది చెన్నై మీనంబాకాన్నే.

ఒకప్పుడు కువైట్‌కో, దుబాయికో పొట్ట చేత పట్టుకుని పోయే వారికే ఈ దారితో పని. తరువాత పిల్లాపాపలతో నాలుగు రోజులు సింగపూరు, దుబాయి, మాల్దీవులు చూసి వద్దామనుకునే కుటుంబాలు కూడా తోడయ్యాయి. 2020లో వచ్చిన కరోనా ఈ ఇద్దరినీ ఒకే గాటన కట్టింది. వెళ్లడం మన చేతిలోనే ఉన్నా, తిరిగి రావడం మన చేతిలో లేదని చూపించింది.

రాత్రికి రాత్రే మూత

2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కరోనాను ప్రపంచవ్యాప్త మహమ్మారిగా ప్రకటించింది. మార్చి 20 నుంచి తిరుమలలో భక్తులకు దర్శనం నిలిపివేశారు. మార్చి 22తో విదేశీ ప్రయాణికుల విమానాలు మన దేశానికి రావడం ఆగిపోయింది. 25 నుంచి దేశమంతటా లాక్‌డౌన్. సెలవులు గడిపి వద్దామని బయలుదేరిన వారు, పిల్లల కాన్పులకని వెళ్లిన తల్లిదండ్రులు ఎక్కడి వారు అక్కడే చిక్కుకుపోయారు.

ఫిలిప్పీన్స్‌లో వైద్యవిద్య చదువుతున్న మన పిల్లల సంగతి అందరికీ గుర్తుండే ఉంటుంది. ఇంటికి వస్తూ మధ్యలో కౌలాలంపూర్ విమానాశ్రయంలో నిలిచిపోతే, కేంద్రం అనుమతి ఇచ్చాక మార్చి 18న విశాఖపట్నానికి, ఢిల్లీకి విమానాలు నడిపారు. మిగిలిన వారు మే 7 దాకా ఆగవలసి వచ్చింది. ఆ రోజే 'వందే భారత్' విమానాలు మొదలయ్యాయి. గర్భిణులు, వృద్ధులు, రోగులు, పని పోయిన కార్మికులు, వీసా గడువు తీరిన వారికి ముందు చోటిచ్చారు. టికెట్టు డబ్బు మాత్రం ఎవరిది వారే పెట్టుకున్నారు. దిగిన తరువాత 14 రోజులు క్వారంటైన్.

అంత దూరం ఎందుకు? ఆ ఏప్రిల్ చివరలో వేలూరు జిల్లా అధికారులు మన చిత్తూరు జిల్లా వైపు వచ్చే రోడ్లపై అడ్డంగా ఇటుక గోడలు కట్టించారు. అభ్యంతరాలు రావడంతో తీసివేశారు. కానీ పక్క జిల్లాయే పరాయి దేశమైన రోజులవి.

బుడగ లాంటి ఒప్పందం

2020 జులై 7న దుబాయి, 15న మాల్దీవులు పర్యాటకులకు తలుపులు తెరిచాయి. మన ప్రభుత్వం ఒక్కొక్క దేశంతో 'ఎయిర్ బబుల్' ఒప్పందాలు చేసుకుని కొన్ని విమానాలు నడిపింది. బబుల్ అంటే బుడగ. పేరుకు తగినట్టే ఎప్పుడు పగులుతుందో తెలియని వ్యవహారమది.

రెండో విడత కరోనా విరుచుకుపడగానే 2021 ఏప్రిల్ చివరలో దుబాయి మన వారికి తలుపు మూసింది. మే 13న మాల్దీవులు అదే పని చేసి, జులై 15న మళ్లీ తెరిచాయి. ఆస్ట్రేలియా అయితే ఆ మే నెలలో భారత్ నుంచి వస్తే తన సొంత పౌరులకైనా జైలు తప్పదని హెచ్చరించింది.

2021 నవంబరు 29 నుంచి టీకా వేయించుకున్న వారు క్వారంటైన్ లేకుండా సింగపూరు వెళ్లడానికి చెన్నై నుంచే విమానాలు పెట్టారు. నెల తిరగకముందే ఒమిక్రాన్ వచ్చింది. డిసెంబరు 23 నుంచి కొత్త టికెట్ల అమ్మకం ఆపేశారు. సంక్రాంతి సెలవులకు పోదామనుకున్న వారి ఆశ అడియాస అయింది.

పేరు విహారం, పని కూలి

చాలామందికి తెలియని సంగతి ఇంకొకటి ఉంది. కువైట్, సౌదీ దేశాలు మన దేశం నుంచి నేరుగా రానివ్వని కాలంలో, పనివారు పర్యాటక వీసాపై దుబాయి చేరి, అక్కడ 14 రోజులు గడిపి ముందుకు పోయేవారు. కాగితం మీద అది విహారయాత్ర. నిజానికి అప్పు చేసి కొన్న గది అద్దె. 2021 ఫిబ్రవరి మొదటి వారంలో సౌదీ, కువైట్ రెండూ ఆ దారినీ మూసివేశాయి. చేతిలో డబ్బు అయిపోయి, ముందుకు పోలేక, వెనక్కు రాలేక పలువురు భారతీయులు దుబాయిలో చిక్కుకున్నారు. ఇంటికి తిరిగి వెళ్లండని మన రాయబార కార్యాలయమే సలహా ఇచ్చింది. ఇటు ఊళ్లో మాత్రం వడ్డీ ఆగదు కదా.

ఒక్కరికి వస్తే అందరికీ

కుటుంబంతో ప్రయాణమంటే ఇంకో చిక్కు. ప్రయాణానికి ముందు పరీక్షలో ఒక్క బిడ్డకు కరోనా అని తేలినా ఇంటిల్లిపాదీ ఆగవలసిందే. అక్కడికి వెళ్లాక తేలితే తల్లి ఒక గదిలో, తండ్రి మరో గదిలో. ఊళ్లో కొవాగ్జిన్ వేయించుకున్న వారికి మరో తలనొప్పి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 నవంబరు 3న దాన్ని గుర్తించేదాకా పలు దేశాలు ఆ టీకాను లెక్కలోకి తీసుకోలేదు.

రద్దయిన టికెట్ల డబ్బు కోసం జనం కోర్టు దాకా వెళ్లారు. లాక్‌డౌన్ రోజుల్లో కొన్న టికెట్లకు పూర్తి డబ్బు తిరిగి ఇవ్వాలని 2020 అక్టోబరు 1న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

ఇప్పుడు చేయవలసింది

2022 మార్చి 27 నుంచి విదేశీ విమానాలు మామూలుగా తిరగసాగాయి. పరీక్షలు, పత్రాలు పోయాయి. అంతమాత్రాన ఆ రెండేళ్ల పాఠం మరచిపోరాదు. విదేశం వెళ్లే కుటుంబం పాస్‌పోర్టుకు ఇంకా ఆరు నెలల గడువు ఉందో లేదో ముందే చూసుకోవాలి. తిరుగు టికెట్టు రద్దయితే డబ్బు వస్తుందా అని కొనేటప్పుడే అడగాలి. బీమా పత్రంలో అంటురోగాలకు వర్తింపు ఉందో లేదో చదివించుకోవాలి. పది రోజులు ఎక్కువ ఉండవలసి వస్తే సరిపోయే డబ్బు విడిగా ఉంచుకోవాలి. అక్కడి మన రాయబార కార్యాలయం ఫోను నంబరు ఒక కాగితంపై రాసి ఇంట్లో ముసలివారి చేతికి ఇచ్చి వెళ్లాలి.

దూరపు కొండలు నునుపని పెద్దలు ఊరకే అనలేదు. కొండలు చూడవద్దని ఎవరూ అనరు. తిరిగి ఇల్లు చేరే దారి చూసుకుని మరీ బయలుదేరమన్నదే మాట.